ల్యాబ్రడార్ మాత్ర ముక్క చేసి ఊరకుక్కకి వేయొచ్చా?

ప్రశ్న: మాది సిద్దిపేట. మా చిట్టి ఊరకుక్క, బరువు సుమారు తొమ్మిది కిలోలు ఉంటుందేమో. చెవుల్లో, వేళ్ల సందుల్లో ఒకటే పిడుదులు. అన్నయ్య వాళ్ల ల్యాబ్రడార్‌కి తెచ్చిన నెక్స్‌గార్డ్ (పిడుదులు పోవడానికి వేసే మాత్ర) ఒకటి మిగిలింది, 25–50 కిలోల కుక్కలకి వేసేది. నాలుగో వంతు వేస్తే చాలదా? ఇంట్లో పిల్లి కూడా ఉంది.

జవాబు 1: వద్దండీ. ముక్క ముక్కకీ మందు సమానంగా ఉంటుందన్న భరోసా లేదు. ముందు తూకం వేయండి: చిట్టిని ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి మిషన్ ఎక్కి, మొదటి బరువులోంచి రెండోది తీసేయండి. ఆ బరువుకి తగ్గ మాత్రే కొనండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. ఈ రకం మందుల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే ఆ హెచ్చరిక ఇచ్చింది.

జవాబు 2: పిల్లి ఉందన్నారు కాబట్టి చెబుతున్నా. మెడ మీద పోసే కుక్కల మందుల్లో కొన్నింట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పిల్లుల ప్రాణం తీస్తుంది. డబ్బా మీద చదవకుండా కొనొద్దు, దయచేసి.

జవాబు 3: గోడ పగుళ్లు, పడుకునే గోనెపట్టా కూడా చూడండమ్మా, పిడుదులు గుడ్లు పెట్టేది అక్కడే. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

ప్రశ్న అడిగినవారు: తూకం వేశాను, 10.6 కిలోలు. అంటే 10–25 కిలోలదే కావాలి. సాయంత్రం పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా.