షుగర్ రాకుండా ఉండాలంటే అన్నం మానేయాలా?

తార్నాక 38:
నాకు 38 ఏళ్లు. నాన్నకు 45కే షుగర్ వచ్చింది. పోయిన నెల ఆఫీసు హెల్త్ చెకప్‌లో నాకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 వస్తే షుగరే అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు. మా ఆవిడ బియ్యం డబ్బా పై అరలోకి ఎక్కించేసి కొర్రలు, అండుకొర్రలు తెచ్చింది. అమ్మేమో "మీ నాన్న ఏనాడైనా హోటల్ గడప తొక్కాడా? అయినా వచ్చింది కదా. రాసిపెట్టి ఉంటే వస్తుంది, మధ్యలో అన్నం ఏం చేసింది?" అంటోంది. తిండి మారిస్తే నిజంగా ఆగుతుందా? ఆగేట్టయితే మానేయాల్సింది అన్నమేనా?

కొర్రల అక్క:
మానేయండి, ఇంకా ఆలోచనెందుకు? నేను మూడేళ్ల కింద మానేశా, పరగడుపు షుగర్ 118 నుంచి 97కి దిగింది. మా తాతలది పాలమూరు. జొన్నరొట్టె తప్ప ఎరగరు, బియ్యం పండగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తీరింది, కాదనను. కానీ జొన్నలు కంచంలోంచి పోయిందీ అప్పుడే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. వాటి మీద పరిశోధన చేసే సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. మనం మాత్రం ఇంకా సన్నబియ్యం అని వెతుక్కుంటున్నాం.

మెహదీపట్నం మాస్టారు:
అక్కగారూ, మీ తాతగారు జొన్నరొట్టె తిని పొద్దంతా మడక దున్నారు. మనం అదే రొట్టె తిని సోఫాలో కూర్చుంటున్నాం. పైగా ఆ రోజుల్లో షుగర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరు?

నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. రాగులు మంచివన్నారని పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగిజావ తాగేవాణ్ణి. ఒకరోజు అనుమానం వచ్చి రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూసుకుంటే 212. మెత్తటి పిండిని పలచగా కాస్తే ఒంట్లో చక్కెర ఇట్టే పెరుగుతుంది, అది రాగి అయినా సరే. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, కొర్రల్లోనూ 60 పైనే. పీచు ఎక్కువ, అది నిజమే. అంతమాత్రాన కుండెడు తినొచ్చని కాదు.

ఇంకో మాట. రోజుకు ఐదు ఇరానీ చాయ్‌లు, వాటితో ఉస్మానియా బిస్కెట్లు. వాటి సంగతి ఎవరూ ఎత్తరేం?

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
ఇదంతా టైమూ డబ్బూ ఉన్నవాళ్ల చర్చ బ్రో. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. కొర్రలు ఎవరు ఉచితంగా ఇస్తున్నారు? రాత్రి రెండింటికి షిఫ్ట్ అయ్యాక దొరికేది బిర్యానీ, లేదంటే ఫ్రైడ్ రైస్. నేను సన్నగా ఉంటాను, పొట్ట లేదు, అయినా 31కే షుగర్ వచ్చింది. మా ఇంట్లో అందరికీ ఉంది. ఇది రక్తంలోనే ఉంది, కంచంలో కాదు.

పథ్యం:
నేను డైటీషియన్‌ని. నైట్‌షిఫ్ట్ గారి మాటలో సగం నిజం ఉంది. మనవాళ్లకు సన్నగా ఉన్నా షుగర్ వస్తుంది, వంశంలో ఉంటే ఇంకా తొందరగా. మిగతా సగం ఒప్పుకోను. షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. తిండి తగ్గించి, వారానికి 150 నిమిషాలు నడిచి, బరువు తగ్గినవాళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. అమెరికా ఒళ్లు వేరు అంటారేమో, చెన్నైలో మనవాళ్ల మీద ఇలాంటిదే చేస్తే తిండి, నడకతో 28.5 శాతం తగ్గింది. అందరికీ ఆగలేదు, చాలామందికి ఆగింది. రాసిపెట్టి ఉంటే అలా ఆగేదా?

ఇక అన్నం సంగతి. తార్నాక గారూ, జాతీయ పోషకాహార సంస్థ మీ ఇంటి దగ్గరే. వాళ్లు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాలూ చిరుధాన్యాలూ కలిపి 45 శాతం దాటకూడదు. కలిపి అన్నారు, చూడండి. అన్నమా కొర్రలా అని పోట్లాడుకునే ముందు కూర ఎంత, పప్పు ఎంత అని చూసుకోవాలి. అన్నం వదల్లేనంటే తెలంగాణ సోనా రకం బియ్యం తెచ్చుకోండి. చక్కెరను కొంచెం నెమ్మదిగా పెంచుతుంది. అలాగని రెండోసారి వడ్డించుకోవద్దు.

తార్నాక 38:
మీ పోస్ట్ చదివి రాత్రి వంటింటి తూకం తీశా. నేను రోజూ వడ్డించుకున్నట్టే వడ్డించుకుని ఒక్కోటీ తూచా. అన్నం 430 గ్రాములు. బెండకాయ వేపుడు 55. పప్పు ఒకటిన్నర గరిటె. తర్వాత పెరుగన్నం కోసం మళ్లీ అన్నం, అది 160. నేను తక్కువే తింటాననుకునేవాణ్ణి, నిజంగా!

ఇవాళ కంచంలో సగం కూరలు పెట్టించా. బీరకాయ, గోరుచిక్కుడు, ఒక గుడ్డు. ముందు కూరంతా తిని తర్వాత 150 గ్రాముల అన్నం తిన్నా. పది గంటలకు మళ్లీ ఆకలేసింది, అబద్ధం చెప్పను. వేరుశనగలు గుప్పెడు తిని పడుకున్నా. అమ్మ "ఉత్త కూర తినడం ఏంట్రా, చుట్టాల ముందు పరువు పోతుంది" అంది గానీ, బియ్యం డబ్బా కిందికి దిగిందని సంతోషపడింది.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
కూర సగం అంటే నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో పైనే కూరగాయలు. రైతుబజార్‌లోనైనా లెక్క చూసుకో బ్రో. నీకు కుదురుతుందేమో, మా క్యాంటీన్‌లో కూరంటే చిన్న గిన్నెడు, అన్నమేమో అడిగినంత.

మెహదీపట్నం మాస్టారు:
అందులో న్యాయం ఉందయ్యా. డబ్బా తెచ్చుకోగలిగితే రెండు ఉడికించిన గుడ్లు, ఒక కీరా పెట్టుకో. అదే గిన్నెడు కూరతో కలిసి కడుపు నిండుతుంది.

కొర్రల అక్క:
సరే, 45 శాతమే తింటా, ఆ 45లో నావి మాత్రం కొర్రలే. తార్నాక తమ్ముడూ, మీ ఆవిడ తెచ్చిన అండుకొర్రలు ముందు రాత్రే నానబెట్టమని చెప్పు. నానకుండా కుక్కర్‌లో పెడితే ఎన్ని విజిల్స్ వేసినా పలుకు పోదు. అప్పుడు మీ అమ్మ మొత్తం అవతల పారబోసి, డబ్బా మళ్లీ తెరుస్తుంది.