ఎండ వచ్చింది, చలి ఎందుకు పోలేదు?

ప్రశ్న: నార్వేలోని ట్రోమ్సోలో చదువుతున్నాను. ఇది భూమికి బాగా ఉత్తరాన ఉన్న ఊరు, చలికాలంలో కొన్ని వారాలు సూర్యుడు ఉదయించడు. నవంబర్ చివర్లో అలా మాయమైన సూర్యుడు జనవరి 21న కొండల పైన కనిపించాడు. క్లాసులో అందరం జామ్ పెట్టిన ‘సూర్యుడి బన్నులు’ తిన్నాం. నాకైతే కళ్లనీళ్లు వచ్చేశాయి. కానీ ఫిబ్రవరిలో చలి ఇంకా పెరిగింది. ఎందుకలా?

జవాబు: సూర్యుడు ఆకాశంలో ఇంకా బాగా కిందే ఉంటాడమ్మా. ఏటవాలుగా పడే ఆ కాస్త ఎండనూ మంచు వెనక్కి తిప్పికొడుతుంది. సముద్రం కూడా ఇంకా చల్లబడుతూనే ఉంటుంది.

మరో జవాబు: నేను ఇంకా ఉత్తరాన ఉన్న నార్వే దీవుల సమూహం స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌యియర్‌బ్యెన్‌లో రెండేళ్లున్నాను. అక్కడ ఊళ్లోకి ఎండ వచ్చేది మార్చి 8 ప్రాంతంలో. పాత ఆసుపత్రి మెట్ల దగ్గర ఊరంతా నిలబడి ఎదురుచూస్తుంది. వెలుగు ముఖాన పడగానే చలి మరిచిపోయాను.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. ఈరోజు కిటికీ దగ్గర పది నిమిషాలు ఎండ పడింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను.