సైలేన్ ఎక్స్‌ఎల్‌పీఈ: 185 స్క్వేర్ కోర్‌కి హాట్ సెట్ ఫెయిల్, పైన గింజలు

జీడిమెట్ల_కేబుల్:

జీడిమెట్లల 1100 వోల్టుల అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ (క్రాస్‌లింక్ చేసిన పాలిథిన్ ఇన్సులేషన్) కేబుల్ తీస్తున్నం. రెండు స్టెప్పుల సైలేన్ పద్ధతి: ముందుగాల పాలిథిన్‌కి సైలేన్ అతికిస్తరు (గ్రాఫ్ట్), తర్వాత నీళ్లతోని పాలిథిన్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడ్తయి (క్రాస్‌లింక్). కొన్న గ్రాఫ్ట్ కాంపౌండ్ 95 పాళ్లు, క్యాటలిస్ట్ మాస్టర్‌బ్యాచ్ (క్యాటలిస్ట్ చిక్కగ కలిపిన గుళికలు) 5 పాళ్లు, దాని మీద కలర్. కోర్‌ని (ఇన్సులేషన్ ఎక్కిన కండక్టర్) డ్రమ్ముకి చుట్టి వేడినీళ్ల ట్యాంకుల 80 డిగ్రీలకు 4 గంటలు ఉంచుతున్నం.

16 స్క్వేర్ (చదరపు మి.మీ.) కోర్, ఇన్సులేషన్ మందం 0.7 మి.మీ., హాట్ సెట్‌ల (వేడి ఓవెన్‌ల బరువు కట్టి సాగుడు చూసే టెస్టు) 80 శాతం సాగి పాస్ అయితంది. అదే కాంపౌండు, అదే మెషీన్ మీద తీసిన 185 స్క్వేర్, మందం 1.6 మి.మీ., ఓవెన్‌ల పెట్టిన మూడు నాలుగు నిమిషాలకే తెగి పడ్తంది. ఇంకోటి, వానలు మొదలైనప్పటి నుంచి కోర్ మీద సన్న సన్న గింజలు వస్తున్నయి. నాలుగైదు గంటలు నడిచినంక స్క్రీన్ ప్యాక్ (కరిగిన సరుకుని వడకట్టే జల్లెడ) దగ్గర ప్రెషర్ కూడా పెరుగుతంది.

క్యాటలిస్ట్‌ని 5 నుంచి 8 పాళ్లకు పెంచుమని సూపర్‌వైజర్ అంటుండు. పెంచాల్నా? ముందుగాల ఎక్కడ చూడాలె?

సైలేన్_రసాయనం:

క్యాటలిస్ట్ జోలికి వెళ్లకండి. మీకున్నవి రెండు సమస్యలు, ఒకదానికొకటి ఎదురు. గింజలంటే డై (మెషీన్ మూతి) దాటకముందే అక్కడక్కడ క్రాస్‌లింక్ అయిపోయిన ముద్దలు. హాట్ సెట్ పోవడమంటే డై దాటాక లోపలిదాకా క్రాస్‌లింక్ కాకపోవడం. క్యాటలిస్ట్ పెంచితే మొదటిది ముదురుతుంది, రెండోదానికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

గ్రాఫ్టింగ్‌లో వినైల్ ట్రైమిథాక్సీ సైలేన్ కొద్దిపాటి పెరాక్సైడ్ సాయంతో పాలిథిన్ గొలుసుకు ఒక కొసన అతుక్కుంటుంది. రెండో కొసన మూడు మిథాక్సీ గుంపులు మిగిలి ఉంటాయి. నీరు తగిలితే అవి మిథనాల్‌గా ఊడిపోయి సైలనాల్ అవుతుంది. పక్క గొలుసు మీది సైలనాల్‌తో అది కలిస్తే సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్ వరసలో ముడి పడుతుంది. టిన్ క్యాటలిస్ట్, మామూలుగా డైబ్యూటైల్ టిన్ డైలారేట్, ఆ ముడి త్వరగా పడేట్టు చూస్తుంది, అంతే. అసలు సరుకు నీరు. పాలిథిన్ నీటిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. మందపాటి కోర్‌లో ఆలస్యమంతా ఆ నీరు లోపలికి చేరడంలోనే. నీరు అందని చోట క్యాటలిస్ట్ ఎంత ఉన్నా పనిలేకుండా పడి ఉంటుంది.

నీరు చొరబడే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.6ని 0.7తో భాగిస్తే 2.3, దాని వర్గం 5.2. అంటే 0.7కి 4 గంటలు పట్టిన చోట 1.6కి అదే 80 డిగ్రీల దగ్గర సుమారు 21 గంటలు. మీ పల్చటి కోర్‌కి 4 గంటలు అవసరానికి మించి ఉండొచ్చు కాబట్టి దీన్ని పై అంచనాగా తీసుకోండి. ఎలా చూసినా 4 గంటలు మాత్రం చాలదు. నీళ్లను 90, 95 డిగ్రీలకు తీసుకెళ్లండి, తేడా వెంటనే తెలుస్తుంది. అంతకు మించి వద్దు. ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథిన్) 105, 110 దగ్గర కరిగే సరుకు. ఇంకా ముడులు పడని కోర్ డ్రమ్ము అడుగు వరసల్లో బరువుకి చదునైపోతుంది.

తప్పు క్యూరింగ్‌దా (నీళ్లలో ముడిపడే దశ), కాంపౌండుదా తేల్చుకోవడానికి ఇలా చేయండి. 185 స్క్వేర్ కోర్ ఒక అడుగు ముక్క కోసి, కండక్టర్ లాగేసి, ఉత్త గొట్టాన్ని 95 డిగ్రీల నీళ్లలో 6 గంటలు ఉంచండి. ఇప్పుడు నీరు లోపలి నుంచి, బయటి నుంచి రెండు వైపులా వెళ్తుంది, నడవాల్సిన దూరం సగమవుతుంది, సమయం నాలుగో వంతుకు దిగుతుంది. అది పాసైతే కాంపౌండు బాగున్నట్టే, మీ ట్యాంకునే చూసుకోవాలి. అదీ ఫెయిలైతే గ్రాఫ్ట్ పాతబడిందో, క్యాటలిస్ట్ డోసింగ్ తప్పుతోందో చూడాలి.

టెస్ట్_బెంచ్:

ముందు హాట్ సెట్ సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోండి. ఐఎస్ 7098 పార్ట్ 1 అనే భారతీయ ప్రమాణం కిందికొచ్చే కేబుళ్లకు 200 డిగ్రీలు, 15 నిమిషాలు, చదరపు సెంటీమీటరుకు 20 న్యూటన్ల బరువు. బరువుతో సాగుదల 175 శాతం దాటకూడదు, చల్లారాక మిగిలే సాగుదల 15 శాతం దాటకూడదు.

ఎక్కువ మంది తప్పేది బరువు లెక్కలో. 4 మి.మీ. వెడల్పు, 1.6 మి.మీ. మందం ఉన్న డంబెల్‌కి (నడుము సన్నగా కోసిన టెస్టు ముక్క) అడ్డుకోత 6.4 చదరపు మి.మీ., అంటే 0.064 చ.సెం.మీ. దాన్ని 20తో గుణిస్తే 1.28 న్యూటన్లు, సుమారు 130 గ్రాములు. కింది క్లిప్పు బరువు కూడా ఈ 130లోనే. క్లిప్పు 40 గ్రాములుంటే వేలాడదీయాల్సింది 90 గ్రాములే. పల్చటి కోర్‌కి లెక్కేసిన దిమ్మనే అన్నిటికీ వాడితే మందపాటి నమూనా మీద బరువు తక్కువ పడి తప్పుగా పాస్ చూపిస్తుంది. మీది దానికి ఉల్టా, కాబట్టి క్యూరింగే అయ్యుంటుంది. అయినా ఒకసారి తూచండి.

సాగుదలని ఓవెన్ తలుపు తీసిన అర నిమిషంలోపే కొలవాలి. తర్వాత బరువు తీసేసి, అదే 200 డిగ్రీల్లో 5 నిమిషాలు వదిలేసి, అప్పుడు బయటికి తీసి నిదానంగా చల్లారనివ్వాలి. బరువుతోనే చల్లార్చి కొలిస్తే మిగిలే సాగుదల ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

చర్లపల్లి_ఎక్స్‌ట్రూజన్:

గింజల సంగతి నేను చెప్తా. ముందు అది జెల్లా, కరగని గుళికా, చెత్తా తేల్చండి. గింజను బ్లేడుతో కోసి 200 డిగ్రీల వేడి పలక మీద నొక్కండి. కరిగి చదునైతే కరగని గుళిక, బ్యారెల్ వేడి చాలట్లేదు. రబ్బరులా నొక్కుకుపోయి మళ్లీ లేస్తే జెల్, అంటే తేమ తగిలి ముందే క్రాస్‌లింక్ అయిన ముద్ద.

తేమకు దారులు ఇవి. గ్రాఫ్ట్ కాంపౌండ్ ఫాయిల్ సంచి తెరిచాక ఆ షిఫ్టులోనే అయిపోవాలి. సగం సంచి మిగిలితే గాలి తీసి హీట్ సీల్ వేయండి, మూతి మడిచి రబ్బరు బ్యాండు వేస్తే జూలై గాలికి ఆగదు. ఏసీ స్టోర్ నుంచి తెచ్చిన సంచిని వెంటనే తెరవొద్దు, చల్లటి గుళికల మీద నీరు పడుతుంది. ఒక రోజంతా షెడ్డులో మూసే ఉంచి తర్వాత తెరవండి.

క్యాటలిస్ట్ మాస్టర్‌బ్యాచ్‌ని 60, 65 డిగ్రీల్లో 3, 4 గంటలు ఆరబెట్టండి. గ్రాఫ్ట్‌లో ముందురోజే కలిపి పెట్టొద్దు, హాపర్ (మెషీన్‌లోకి గుళికలు పోసే గరాటు) దగ్గరే కలవాలి. కలిపిన సరుకు హాపర్‌లో రాత్రంతా ఉంటే పొద్దున అది దండగే.

అందరూ మరిచిపోయేది నల్లరంగు. కార్బన్ బ్లాక్ తేమని బాగా పట్టుకుంటుంది. మీ ఎరుపు, పసుపు, నీలం, నలుపు కోర్లలో గింజలు నల్లదాని మీదే ఎక్కువుంటే గ్రాఫ్ట్‌ని అనుమానించకండి. కలర్ మాస్టర్‌బ్యాచ్‌ని డీహ్యూమిడిఫయర్ డ్రయర్‌లో ఆరబెట్టండి. వానాకాలంలో మామూలు హాట్ ఎయిర్ డ్రయర్ బయటి తేమ గాలినే వేడిచేసి తోస్తుంది, అది సరిపోదు.

బ్యారెల్ వేడి 150 డిగ్రీల నుంచి మొదలుపెట్టి 165, 180, 190, క్రాస్‌హెడ్ (కండక్టర్ మీద ఇన్సులేషన్ ఎక్కే చోటు) 200 చుట్టూ. సరఫరాదారు షీటులో వేరేగా ఉంటే అదే పాటించండి. మెషీన్ పది నిమిషాలకు మించి ఆగితే గ్రాఫ్ట్‌ని లోపల ఉంచకండి, మామూలు ఎల్‌డీపీఈతో తోసేయండి. క్రాస్‌హెడ్ మూలల్లో నిలిచిన సరుకే గట్టిపడి తర్వాత గింజలుగా వస్తుంది. నాలుగైదు గంటలకు ప్రెషర్ పెరగడం కూడా ఈ జెల్ జల్లెడకి అడ్డుపడడం వల్లే. జల్లెడ మరీ సన్నది పెట్టకండి, 40/80/40 మెష్ (అంగుళానికి రంధ్రాల లెక్క) చాలు. కోర్ స్క్రాప్‌ని పొడి చేసి మళ్లీ వేస్తుంటే ఇవాళే ఆపేయండి, ముడి పడిన పాలిథిన్ మళ్లీ కరగదు.

జీడిమెట్ల_కేబుల్:

కండక్టర్ తీసిన గొట్టం 95 డిగ్రీల నీళ్లల 6 గంటలకు 90 శాతం సాగి పాస్ అయింది. క్లిప్పు బరువు లెక్క కూడా సరే ఉంది. గింజలు నల్ల కోర్ మీదనే, ఎర్రది శుభ్రంగ ఉంది. బ్లాక్ మాస్టర్‌బ్యాచ్ సంచి తెరిచి వారమైందట. చానా థ్యాంక్స్ అన్నా.

ఇంకొక్కటి. ట్యాంకు ఒక్కటే, డ్రమ్ములు ఎక్కువున్నయి. నీళ్లు 95 ఉన్నా డ్రమ్ము లోపలి వరస ఎంత వేడెక్కిందో ఎట్ల తెలుస్తది? కొన్ని డ్రమ్ములని బయట షెడ్డులనే వారం రోజులు వదిలేస్తే చాలదా?

సైలేన్_రసాయనం:

చాలదు. షెడ్డు గాలి తేమతో దానంతటదే ముడిపడే గ్రేడ్లు వేరే ఉన్నాయి, మీరు చెప్పినదాన్ని బట్టి మీది వేడినీళ్ల గ్రేడ్. హైదరాబాద్‌లో మే నెల గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలిసిందే. 1.6 మి.మీ. కోర్‌ని ఆ గాలికి వదిలేసి పాసవుతుందని లెక్కపెట్టుకోలేం.

డ్రమ్ము చుట్టేటప్పుడే మొదటి వరస కింద ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే) తీగ పెట్టండి. అది 90 చూపించినప్పటి నుంచే గడియారం మొదలు. పెద్ద డ్రమ్ములో ఈ వేడెక్కడానికే గంటలు పడుతుంది, ఆ సమయం క్యూరింగ్‌లోకి రాదు. డ్రమ్ము పీపాకి రంధ్రాలుంటే నీరు లోపలి నుంచి కూడా తిరుగుతుంది. కోర్‌ని మరీ బిగించి చుట్టొద్దు. టెస్టు ముక్క డ్రమ్ము లోపలి కొస నుంచి తీయండి. బయటి కొస ముందుగా ముడిపడుతుంది, దాన్ని నమ్మి డ్రమ్ము వదిలితే లోపల పచ్చిగా ఉన్న కోర్ లేయింగ్‌కి (కోర్లను కలిపి మెలితిప్పే పని) వెళ్లిపోతుంది. మీద పీవీసీ షీత్ పడ్డాక నీరు వెళ్లే దారి ఇంకా తగ్గుతుంది.

ట్యాంకు చాలకపోతే ఆవిరి గది కట్టుకోవచ్చు. అందులో ముడి పడుతున్నంతసేపూ మిథనాల్ ఆవిరి వస్తూనే ఉంటుంది. అది అంటుకునేది, పీల్చితే విషం. గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. డ్రమ్ము తీయడానికి మనిషి లోపలికి వెళ్లేముందు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. పక్కన వెల్డింగ్, గ్రైండింగ్ పెట్టొద్దు. మూత వేసిన వేడినీళ్ల ట్యాంకు తెరిచేటప్పుడూ ఇవే జాగ్రత్తలు. క్యాటలిస్ట్ మాస్టర్‌బ్యాచ్ తూచే కుర్రాళ్లకు చేతులకు గ్లౌజులివ్వండి, ఆ టిన్ సరుకు చర్మానికి మంచిది కాదు.