ఇంటిల్లిపాదికీ ఒకే రైఫిల్: ఏ కేలిబర్ పెట్టించాలి?

ఆస్టిన్_నాన్న
అందరికీ నమస్కారం. మేముండేది టెక్సస్‌లో, ఆస్టిన్ పక్కన. గ్రీన్ కార్డు వచ్చింది. ఆఫీసు ఫ్రెండ్ రెండేళ్లుగా వాళ్ల రాంచ్‌కి జింకల వేటకి తీసుకెళ్తున్నాడు, ఇప్పుడు ఇంట్లోవాళ్లకీ సరదా పట్టుకుంది. గన్‌స్మిత్ చేత బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి చేయిస్తున్నాను. షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలు పట్టే మధ్య యంత్రభాగం) కొనేశాను, ఇక బ్యారెల్ ఆర్డరు పెట్టాలి, దానికి కేలిబర్, అంటే ఏ సైజు తూటా అన్నది తేల్చాలి. వాడేది ముగ్గురం. నేను ఆరడుగులు, మా ఆవిడ ఐదడుగుల ఒక అంగుళం, మావాడికి పన్నెండేళ్లు, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. వైట్‌టెయిల్ జింకలు, అడపాదడపా అడవిపందులు. దూరం 200 గజాలు దాటదు. .308 పెట్టించేద్దామనుకుంటున్నా, ఏమంటారు?

హ్యూస్టన్_పెద్దన్న
తమ్ముడూ, .308తో నాకు చేతులు కాలాయి, విను. మావాడికి పదమూడేళ్లప్పుడు నా రైఫిలే ఇచ్చాను. తొలి రెండు తూటాలు నల్లచుక్కలో పడ్డాయి, మురిసిపోయాను. ఆ తర్వాతవి కాగితం మీదే లేవు. స్కోప్ (గురి చూసే దుర్బిణి) కదిలిందేమోనని మరలన్నీ బిగించాను. పక్క బెంచీ ముసలాయన చూసి, పిల్లాడికి చెప్పకుండా పేలని డమ్మీ తూటా పెట్టి ఇమ్మన్నాడు. ట్రిగ్గర్ నొక్కితే టిక్ మంది, అంతే. కానీ బ్యారెల్ మూతి నాలుగు వేళ్ల మందం కిందికి దిగిపోయింది, వాడి కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. దెబ్బ పడకముందే బెదిరిపోతున్నాడన్నమాట. ఆ బెదురు పోవడానికి ఆరు నెలలు .22తో ఓనమాల దగ్గర్నుంచి దిద్దించాను. జింకకి .308 బ్రహ్మాండం. మావాడికి కాదు.

లేత్_శ్రీను
పెద్దన్న చెప్పింది నిజం. ఏడున్నర పౌండ్ల రైఫిల్‌లో తన్ను (పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) సుమారుగా ఇలా ఉంటుంది: .243 అయితే 9 అడుగు-పౌండ్లు, 6.5 క్రీడ్‌మోర్, 7 ఎంఎం-08 రెండూ 12, 13 దగ్గర, .308 అయితే 16, 17. .30-06 ఇరవై దాకా పోతుంది, దానికెలాగూ లాంగ్ యాక్షన్ కావాలి.

నీకు కలిసొచ్చేది ఇంకోటుంది. .243 (1955), 7 ఎంఎం-08 (1980) రెండూ .308 కేసు (మందు పట్టే తూటా గొట్టం) మెడ సన్నం చేసి పుట్టించినవే. 6.5 కేసు వేరైనా అడుగుభాగం వ్యాసం అదే, కాబట్టి ఏది పెట్టించినా నీ బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) సరిపోతుంది. పిల్లాడు పెరిగాక బ్యారెల్ మార్పించుకోవచ్చు.

అసలు కేలిబర్ కంటే ముందు స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పొడవు చూడు. నీకు పదమూడున్నర అంగుళాలు పడితే వాళ్లిద్దరికీ పన్నెండున్నర చాలు. స్పేసర్లు (పొడవు మార్చే పలకలు) తీసి పెట్టుకునే స్టాక్ తీసుకో. తన్ను తగ్గుతుందని బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ మాత్రం పెట్టించకు. రేకుల బ్లైండ్‌లో (వేటకి దాక్కునే గుడిసెలో) పేలిస్తే పక్కన కూర్చున్నవాడి చెవులు గోవిందా.

ప్లేనో_ఆవకాయ
స్టాక్ మాట వందసార్లు చెప్పండి శ్రీను గారూ. మా వారి .30-06 పట్టుకుని మెడ ముందుకి సాగదీసి పేల్చాను, స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ చీల్చింది. మూడు కుట్లు. మా అత్తగారికి వాట్సాప్ వీడియోలో కనపడకుండా బొట్టు బిళ్ల సైజు ప్లాస్టర్ వేసుకుని తిరిగాను.

ఇప్పుడు నాది .243, వంద గ్రెయిన్ల బరువు తూటా. హాయిగా ఉంది. కాకపోతే ఆడవాళ్లకీ పిల్లలకీ అదే అని మగవాళ్లు తేల్చేస్తారు చూడండి, అది నాకు నచ్చదు. తూటా తేలిక కాబట్టి చోటు తప్పితే జింక చాలా దూరం పోతుంది, చీకట్లో టార్చి పట్టుకుని ముళ్లపొదల్లో రక్తం జాడ వెతకాలి. నిజానికి .243 గురి కుదిరినవాళ్ల తుపాకీ.

కొలంబస్_బావ
మాది ఒహాయో. ఇక్కడ ఇవేవీ జింక మీద చెల్లవు. రైఫిల్‌తో వేటాడనిచ్చిందే 2014 నుంచి, అదీ స్ట్రెయిట్‌వాల్ (మెడ సన్నబడకుండా నిటారుగా ఉండే) తూటాలకే. నేను 2019లో వచ్చిన .350 లెజెండ్ వాడుతున్నా, తన్ను తక్కువే. రాష్ట్రం మారే ఆలోచనుంటే అక్కడి రూల్సు చూసుకుని కట్టించుకో.

ఇంకో మాట, హెచ్1బీ మీద ఉండి ఇది చదువుతున్నవాళ్ల కోసం. నాన్-ఇమిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. ఫ్రెండ్‌తో ఊరికే రేంజికెళ్లాను అంటే కుదరదు. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు, స్టేటస్ పోయాక ఫ్లోరిడాలో రేంజికెళ్లిన ఒక విద్యార్థిదే.

కర్నూలు_చిన్నోడు
మీ బాధలు మీవి! మా తాత దగ్గర .315 ఉండేది. సైన్యం వాడే .303 జనం చేతికి పోకూడదని ఇంగ్లీషువాళ్లు కట్టడి చేస్తే దాని బదులు వచ్చిందది, నేటికీ నిలిచింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట లేదు, తాత దాన్ని దసరాకి పూజలో పెట్టేవాడు. నాకు లైసెన్సు అక్కర్లేని .177 ఎయిర్ రైఫిలే గతి.

ఆస్టిన్_నాన్న
అందరికీ థ్యాంక్స్. శనివారం ఫ్రెండ్ రైఫిళ్లు మూడూ రేంజికి పట్టుకెళ్లాం. పెద్దన్న చెప్పిన డమ్మీ ఉపాయం ముగ్గురి మీదా చేశాం. .308తో మావాడు బెదిరాడు, సరే, నేనూ బెదిరాను! రెండేళ్ల నుంచి వేటాడుతున్నా ఆ సంగతి నాకే తెలీదు. .243తో ఎవరూ కదల్లేదు. 6.5తో మావాడు మొదటిసారి కాస్త, తర్వాత లేదు. 7 ఎంఎం-08 నాకిష్టమే గానీ రాంచ్ దారిలో ఉన్న చిన్న షాపులో దాని తూటాల పెట్టె ఒక్కటీ కనపడలేదు, 6.5 మాత్రం వరసగా పేర్చి ఉంది. అందుకే 6.5, ఇరవై రెండు అంగుళాల బ్యారెల్. మావాడు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా మొదలెట్టాడు. ముందు సేఫ్ కొన్నాను, దాని కోడ్ వాడికి చెప్పలేదు.

ప్లేనో_ఆవకాయ
మీ ఆవిడకి చెప్పారా?

ఆస్టిన్_నాన్న
కోడ్ పెట్టిందే తను. స్టాక్ రంగు దగ్గర పంచాయితీ నడుస్తోంది ఇప్పుడు.