ట్రయల్ మధ్యలో మానేసినవాళ్లను సెన్సార్ చేసేస్తే, అంటే చివరిసారి చూసిన రోజుదాకానే లెక్కేసి ఆ తర్వాత ఏమైందో తెలియదని వదిలేస్తే, సరిపోతుందా?

రవికిరణ్: బొలెరో-2 అనే మందు ట్రయల్ చూడండి. 724 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు. ఎగ్జిమెస్టేన్ అనే హార్మోన్ మందుకి ఎవెరోలిమస్ అనే మరో మందు కలిపితే జబ్బు ముదరకుండా గడిచిన కాలం మీడియన్ 7.8 నెలలు, ప్లాసిబో వైపు 3.2. బతికిన కాలం మాత్రం 31.0, 26.6 నెలలు, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. మొదటి రిపోర్టులోనే సైడ్ ఎఫెక్టులకు ఎవెరోలిమస్ ఆపినవాళ్లు 19 శాతం, ప్లాసిబో ఆపినవాళ్లు 4 శాతం. అలా ఆపి వెళ్లిపోయినవాళ్లను ఈవెంట్లుగా, అంటే జబ్బు ముదిరినట్టే, లెక్కేయాలి అంటాను.

మాధవి: మందు ఆపడం, ట్రయల్ వదలడం ఒకటి కాదండీ. మందు ఆపినా స్కాన్లు నడుస్తుంటే సెన్సార్ చేసే పనేముంది? బతికిన కాలంలో తేడా తేలకపోవడానికి తర్వాత వాడిన మందులూ కారణం కావచ్చు. దాన్ని పట్టుకుని సెన్సారింగ్‌ని దోషి అనలేం.

రవికిరణ్: సరే, లెక్క చూడండి. 100 మందిలో మూడో నెలకి 20 మంది వెళ్లిపోయారు. నాలుగో నెలలో మిగిలిన 80లో 8 మందికి జబ్బు ముదిరింది. కప్లాన్-మెయర్ (ఎంతమందికి ఇంకా జబ్బు ముదరలేదో కాలం వెంట గీసే గీత) 90 శాతం అంటుంది, వెళ్లినవాళ్లూ ఉన్నవాళ్లలాంటివాళ్లే అనుకుని. ఆ 20 మందికీ ముదిరి ఉంటే అసలు సంగతి 72 శాతం.

సలీం: ఈవెంట్‌గా లెక్కేస్తే జాగ్రత్త పడినట్టే అనుకోకండి. ఓపెన్-లేబుల్ ట్రయల్‌లో, అంటే ఎవరికి ఏ మందో అందరికీ తెలిసే ట్రయల్‌లో, కొత్త మందు దక్కలేదని కంట్రోల్ వైపు (పోలిక కోసం పెట్టిన గుంపు) వాళ్లే మొదటి వారాల్లో లేచిపోతారు, అదీ ఓపికున్నవాళ్లు. వాళ్లను ఈవెంట్లు చేస్తే కొత్త మందుకి ఉచితంగా మార్కులు పడతాయి. సెన్సార్ చేసినా చిక్కే: నీరసించినవాళ్లు మిగిలి కంట్రోల్ గీత కిందికి జారుతుంది.

సలీం: కాబట్టి ముందు ఈవెంట్, సెన్సార్ కోడ్‌లు తారుమారు చేసి, అంటే వెళ్లిపోవడాన్నే ఈవెంట్ అనుకుని, రెండు వైపులా కప్లాన్-మెయర్ గీయండి. మొదటి మూడు నెలల్లోనే గీతలు విడిపోతే అనుమానించాలి.

మాధవి: అవును. అప్పుడు సెన్సార్ కాకుండా ఉండే సంభావ్యతని తలకిందులు చేసి వెయిట్లు ఇస్తాం, అంటే వెళ్లినవాళ్లలాంటి మిగిలినవాళ్లకు లెక్కలో ఎక్కువ బరువు. కానీ మానేముందు పేషెంట్ ఓపిక స్థాయి, గడ్డ సైజు నమోదై ఉండాలి. చాలా ఫారాల్లో ‘కన్సెంట్ వెనక్కి తీసుకున్నారు’ అన్న ఒక్క టిక్కు ఉంటుంది. మందుకా, ఫాలో-అప్‌కా? తెలియదు. అక్కడ ఏ వెయిటూ పనిచేయదు.

సలీం: అలాంటప్పుడు టిప్పింగ్ పాయింట్: ఊహని ఎంత చెడ్డగా మారిస్తే ఫలితం తిరగబడుతుందో వెతకడం. మందు వైపు మానేసినవాళ్లకే హజార్డ్‌ని (జబ్బు ముదిరే వేగాన్ని) 1.5, 2, 3 ఇలా 5 రెట్ల దాకా పెంచి, మల్టిపుల్ ఇంప్యుటేషన్‌తో, అంటే తెలియని తేదీలను చాలాసార్లు అంచనా వేసి, ముదిరిన తేదీలు నింపండి. 1.5 దగ్గరే హజార్డ్ రేషియో (రెండు వైపుల ముదిరే వేగాల నిష్పత్తి) కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే దాని అంచనా పరిధి, తేడా లేదని చెప్పే 1ని తాకితే ఫలితం బలహీనం. 5 దాకా తట్టుకుంటే నేనైతే నమ్ముతాను.

రవికిరణ్: ఆ రెట్లు ఎవరు నిర్ణయిస్తారు? డేటా చూశాక ఎంచుకుంటే ఎటైనా తిప్పొచ్చు.

మాధవి: అందుకే అన్‌బ్లైండ్ చేయకముందే, అంటే ఎవరికి ఏ మందు ఇచ్చారో తెరిచి చూడకముందే, అనాలిసిస్ ప్లాన్‌లో రాసిపెట్టాలి.