సమస్యాపూరణం: బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు

సమస్య ఇచ్చినవారు

ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం:

బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు

పళ్ళె మంటే ఇక్కడ గ్రామఫోను ప్లేటు. అరుగున్ + పళ్ళెము కాబట్టి పకారం బకారమైంది. మిగిలిన మూడు పాదాలు పాత టర్న్‌టేబుల్‌ను (ప్లేటును తిప్పి పాట వినిపించే యంత్రాన్ని) బిగించుకోవడం, దాని లోపాలు సరిదిద్దుకోవడం అనే విషయాన్ని దాటి వెళ్ళకూడదు.

బరువు పెరిగితే కదా ఏ వస్తువైనా అరిగేది, తగ్గితే ఎందుకరుగుతుందని మీరు అడుగుతారు. నాకు ఈ పాదం అనుభవం వల్లనే తట్టింది. మొన్న వేసవిలో ఒకరి దగ్గర వాడిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 కొన్నాను. ఇది 1979లో వచ్చిన నమూనా. దానికి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే భాగం) బిగించి ఉన్నది. ఆ ముల్లు మీద 1.8 నుంచి 2.2 గ్రాముల బరువు ఉండాలని తయారీదారులు చెప్తారు. కౌంటర్ వెయిట్ (ముల్లును మోసే చేతికి వెనుక కొసన ఉండే తూకపు దిమ్మ) మీది అంకెల చక్రం సరిగ్గా 2 దగ్గర నిలిచి ఉన్నది కనుక నేను నిశ్చింతగా హార్మోనియం పద్యాల ఎల్పీ ఒకటి పెట్టుకున్నాను. గాయకుడు రాగం అందుకుని పై షడ్జానికి వెళ్ళిన ప్రతిసారీ గొంతు చీలినట్లు, సకారం దగ్గర ఇసుక రాలినట్లు వినబడేది. ప్లేటు కడిగినా, కుంచెతో ముల్లు తుడిచినా మారలేదు. చివరకు చిన్న డిజిటల్ తూకం తెప్పించి ముల్లును దాని మీద దించితే 0.9 చూపింది. అంకెల చక్రం దిమ్మతో సంబంధం లేకుండా విడిగా కూడా తిరుగుతుంది. అమ్మినవారు దిమ్మను కదపకుండా చక్రాన్ని మాత్రం 2 దగ్గరకు తిప్పి ఇచ్చారు. 2 గ్రాములు సరిగ్గా పెట్టిన తరువాత రాగం తేటగా వచ్చింది గాని, ఆ తక్కువ బరువుతో నేను పదేపదే విన్న రెండు చోట్ల బొంగురు మాత్రం ప్లేటులోనే ఉండిపోయింది. ఆ ప్లేటు మా నాన్నగారిది.

కాకినాడ సభ్యురాలు

గురువుగారూ, నా పూరణ:

సూది తేలికైన సుడిలోన నిలువక
గోడ గోడ కెగిరి గుద్దుకొనును
తగిన తూక మిడిన దానికి హానియే?
బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు.

సమస్య ఇచ్చినవారు

అమ్మా, చాలా చక్కని పూరణ. రెండవ పాదం నాకు మరీ నచ్చింది. స్టీరియో ప్లేటులో గాడికి రెండు గోడలుంటాయి, ఒక గోడలో ఎడమ స్పీకరు ధ్వని, రెండవ గోడలో కుడి స్పీకరు ధ్వని చెక్కి ఉంటాయి. ముల్లు రెండింటికీ ఆని నడవవలసి ఉండగా, బరువు చాలనప్పుడు ధ్వని ఉద్ధృతమైన చోట ఒక గోడను విడిచి తిరిగి వచ్చి తగులుతుంది. వజ్రపు మొన అలా తగిలితే వినైలు (ప్లేటు ప్లాస్టిక్) నిలువదు. "గోడ గోడ కెగిరి గుద్దుకొనును" అన్న ఐదు గణాలలో ఇదంతా చెప్పారు. గాడి అనకుండా "సుడి" అనడమూ ఉచితమే, ప్లేటుకు ఒక పక్క ఉండేది అంచు నుంచి మధ్యకు చుట్టుకుంటూ పోయే ఒకే గీత కదా. మూడవ పాదంలో త-ద వర్గయతి (ఒకే వర్గపు హల్లులకు చెల్లే యతి) సరిపోయింది.

వరంగల్లు సభ్యులు (విశ్రాంత రేడియో మెకానిక్)

ఆర్యా, ఒక సందేహం. 78 వేగపు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్ల కాలంలో సౌండుబాక్సు (ముల్లును పట్టుకుని ధ్వని పుట్టించే డబ్బా) బరువు గాడి మీద పడి ప్లేటు అరిగేది. ప్లేటు ప్రతి పక్కకూ ఒక కొత్త ఉక్కు ముల్లు వాడమని మా మేస్త్రిగారు చెప్పేవారు. ఆ అలవాటున్న నాకు మీ పాదం మింగుడు పడలేదు. అందుచేత బరువును ముందు నుంచి వెనక్కు మార్చి పూరించాను:

వెనుక నున్న దిమ్మ వెలితియైన నెదుట
ముల్లు భార మగుచు మోపి దున్ను
ముందు వెనుక లెఱిగి మోయించవలె నయ్య
బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు.

సమస్య ఇచ్చినవారు

ఆర్యా, మీ సందేహం న్యాయమైనదే. ఆ ప్లేట్ల లక్కలో రాతిపొడి కలిపేవారు, ఉక్కు ముల్లు ఆ పొడికి అరిగి గాడి ఆకారానికి వచ్చేది. అక్కడ అరగవలసినది ముల్లు. వినైలు మీద వజ్రం నడిచేటప్పుడు ఆ లెక్క తిరగబడుతుంది.

మీ పూరణలో సమస్యను విడదీసిన తీరు అపూర్వం. నేను ముల్లు బరువు అనుకుని ఇచ్చిన పాదాన్ని మీరు వెనుక దిమ్మ బరువుగా మార్చి విరుగుడు చెప్పారు. "మోపి దున్ను" అన్న మాటలో నాగలి కర్రు కనబడింది. ఒక్క చోట మాత్రం ఆలోచించండి. దిమ్మ తూకం ఎన్నడూ తగ్గదు, అది ఇరుసుకు దగ్గరగా జరిగినప్పుడు దాని పట్టు తగ్గి ముందువైపు బరువు పెరుగుతుంది. "వెలితి" అన్న మాటను పట్టు తగ్గడమనే అర్థంలో తీసుకుంటే దోషం లేదు, నేను అలాగే తీసుకున్నాను.

కొత్తగా బిగించుకునేవారి కోసం ఆ క్రమం కూడా ఇక్కడ చెప్పాలి. యాంటీ-స్కేటింగ్ మీటను (ముల్లు ప్లేటు మధ్యకు లాగబడకుండా ఆపేదాన్ని) సున్నా మీద ఉంచి, ముల్లు తొడుగు తీసి, టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చేయి) త్రాసు కాడలా నేలకు సమంగా తేలే వరకు దిమ్మను తిప్పాలి. అప్పుడు దిమ్మను కదలకుండా పట్టుకుని అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకు తేవాలి. ఆ తరువాత దిమ్మనూ చక్రాన్నీ కలిపి కావలసిన అంకె వరకు తిప్పాలి. ఈ మూడవ మెట్టులో చక్రం ఒక్కటే తిరిగితే నాకు జరిగిందే ఎవరికైనా జరుగుతుంది. నా పూరణ కూడా ఆ మెట్టు గురించే:

సున్న వద్ద చేయి సూటిగాఁ దేలంగఁ
గొలత లేక పాట గోరరాదు
అధికమైన నరుగు ననుట నిజము గాని
బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు.

హైదరాబాదు విద్యార్థి

మాస్టారూ, నమస్కారం. పద్యం వ్రాయడం నాకు ఇది రెండవసారి. మా పెదనాన్నగారు అమెరికా నుంచి వస్తూ తమ పాత బెల్టు టర్న్‌టేబుల్ తెచ్చి ఇచ్చారు. పాట మాటిమాటికీ దాటిపోతుంటే ఇంట్లో వారు ముల్లు పైన రూపాయి బిళ్ళ పెట్టమన్నారు. పెడితే దాటడం ఆగింది, కానీ ధ్వని చెడింది. "ఎపుడు" అన్న మాటను ప్రశ్నగా తీసుకున్నాను.

పాట దాటె ననుచుఁ బైసలు పైనుంచ
గాడి యరిగి పాట గరగర యను
తీసివేయు మిపుడె తలపైని నాణెము
బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు?

సమస్య ఇచ్చినవారు

నాయనా, రెండవ ప్రయత్నానికే సమస్యను ప్రశ్నగా తిప్పగలిగావు, అభినందనలు. మూడవ పాదంలో యతి తప్పింది. తీ, త హల్లులు కలిసినా ఈకార అకారాలకు మైత్రి లేదు, సవరించు.

ఇక నాణెం సంగతి. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 5 గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. 2 గ్రాములు మోయవలసిన ముల్లు మీద అది పెడితే గాడి గోడలు నలిగిపోతాయి, కనుక నీ పద్యం చెప్పిన మాట నిజం. అయితే నాణెం తీసినంత మాత్రాన దాటడం ఆగదు, దానికి కారణం వేరే ఉన్నది. పెట్టె సమంగా ఉన్నదా, ఆర్మ్ ఇరుసు దగ్గర పట్టేస్తున్నదా, ఆర్మ్‌ను ఎత్తి దించే మీట పూర్తిగా దిగుతున్నదా, ఈ మూడూ చూడు.

మరొక మాట అడుగుతాను. పాట ఈడ్చినట్లు వినబడుతున్నదా?

హైదరాబాదు విద్యార్థి

అవును మాస్టారూ, గొంతులన్నీ మందంగా ఉన్నాయి. 230 వోల్టులను 120కి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే వాడుతున్నాను.

వరంగల్లు సభ్యులు

బాబూ, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. ఆ మోటారు అమెరికా కరెంటు 60 హెర్ట్జ్‌కు తిరగవలసినది, మన 50కి ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన ప్లేటు 28కి లోపే ఉండిపోతుంది, శ్రుతి హార్మోనియం మీద మూడు మెట్లు దిగిపోతుంది. మోటారుకు తొడిగిన చిన్న కప్పీని 50 హెర్ట్జ్‌కు సరిపోయే కప్పీతో మార్చాలి. గురువుగారి టెక్నిక్స్‌కు ఈ బాధ లేదు, దాని వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికం నడుపుతుంది.

హైదరాబాదు విద్యార్థి

మాస్టారూ, సవరించిన పూరణ:

పాట దాటె ననుచుఁ బైసలు పైనుంచ
గాడి యరిగి పాట గరగర యను
తక్షణంబె తీయు తలపైని నాణెము
బరువు దగ్గ నరుగుఁ బళ్ళె మెపుడు?

మీరు చెప్పిన మూడింటిలో మూడవదే కారణమైంది. ఎత్తే మీటలోని గ్రీజు గట్టిపడి అది సగంలోనే ఆగిపోతున్నది, ఆర్మ్ దాని మీద ఆని ఉండడం వల్ల ముల్లు గాడిలో పూర్తిగా దిగలేదు. నాణెం దానిని బలవంతంగా అణచింది. పాత గ్రీజు తుడిచి కొత్తది వేశాను, ఇప్పుడు మీట మెల్లగా అట్టడుగు వరకు దిగుతున్నది. తూకం మీద నాణెంతో చూస్తే 6 గ్రాములు దాటింది. నాణెం తీసి చూస్తే 1.9. రెండు వైపులూ పెట్టి విన్నాను, ఒక్కసారి కూడా దాటలేదు. కప్పీ కోసం వెదుకుతున్నాను.

సమస్య ఇచ్చినవారు

త-త యతి కుదిరింది, పూరణ నిర్దోషం. కప్పీ దొరికిన రోజున ఇదే చోట వ్రాయి నాయనా.