మిషిగన్‌ల హోయా చెట్టు ఆకులు పసుపు పడుతున్నయ్, జర చెప్పుండ్రి

అందరికి నమస్తే. మాది జడ్చర్ల, ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. పక్కింటామె ఇల్లు ఖాళీ చేసి పోతా పోతా ఒక హోయా కుండీ ఇచ్చిపోయింది, ఆకులు మందంగ మైనం పూసినట్టు ఉంటయ్. రోజు పొద్దున ఒక గ్లాసు నీళ్లు పోస్తున్న, అయినా పది రోజుల సంది కింది ఆకులు పసుపు పడి రాలుతున్నయ్. నీళ్లు సరిపోతలేవేమో అని నిన్నటి సంది సాయంత్రం గూడ పోస్తున్న. ఏం చెయ్యాలె అక్కా?

—

చెల్లె, ముందుగాల ఆ గ్లాసు పక్కకు పెట్టు. మాది దేవరకొండ దిక్కు, నేను గూడ మొదటి చలికాలం ఇట్లనే రోజు పోసిన, ఎండలు చూసి పెరిగినోళ్లం గదా, చెట్టు వాడిపోతే నీళ్లే అడుగుతుందని అనుకుంటం. ఒకరోజు కుండీ బోర్లిచ్చి చూస్తే వేర్లు నల్లగ మెత్తగ అయ్యి, వేలితోని పట్టుకుంటే పైతోలు ఊడొచ్చింది, పాచి వాసన. ఆరోజు మస్తు ఏడ్పొచ్చింది నాకు.

ఇది అడవిల పెద్దచెట్ల కొమ్మలు పట్టుకొని పెరిగే తీగ. మన మామిడిచెట్ల మీద బదనిక ఉంటది సూడు, అట్ల చెట్టు రసం పీల్చదు, ఊకె పట్టుకొని ఉంటది అంతే. వాన పడంగనే వేర్లు తడుస్తయ్, గాలికి మళ్ల ఆరిపోతయ్. అందుకే ఎప్పుడు తడిగ ఉండే మన్నుల దానికి ఊపిరాడది. నీళ్లన్నీ ఆ మందపాటి ఆకులల్ల దాచుకుంటది, కలబంద లెక్క. ఆకును రెండు వేళ్లతోని మెల్లగ వంచి చూడు, గట్టిగ ఉంటే పొయ్యకు, మెత్తగ వంగితే, మన్ను గూడ ఎండితే అప్పుడు పొయ్యి. పోసిననాడు మాత్రం కింద బెజ్జంల నుంచి కారేదాక పొయ్యి, ప్లేట్ల నిలిచినయి పారబొయ్యి. చలికాలం నాకైతే రెండు మూడు వారాలకొకసారి సరిపోతది.

ఇయ్యాలనే కుండీ నుంచి తీసి చూడు. నల్లబడ్డ వేర్లు కోసెయ్యి, ఆర్కిడ్‌లకు అమ్మే బెరడు ముక్కలు, పెర్లైట్ (తెల్లగ తేలికగ ఉండే రాతి గుళ్లు) మంచిగ కలిపిన మన్నుల పెట్టు, పెద్ద కుండీ అవసరం లేదు, ఇరుకుగ ఉంటేనే దానికి మంచిగుంటది. వేర్లన్నీ పోయినా భయపడకు, రెండు కనుపులున్న ముక్క కోసి నీళ్లల్ల పెడితే మళ్ల వేర్లొస్తయ్, నా చెట్టు అట్లనే బతికింది. కోసినప్పుడు పాలు కారుతయ్, కండ్లకు అంటనియ్యకు. మన చెల్క గట్ల మీద జిల్లేడు లేదా, ఇది దాని కుటుంబమే.

—

చెల్లెమ్మా, అక్క చెప్పింది కరెక్టు. నేనొకటి కలుపుత. తూర్పు కిటికీ దగ్గర పెట్టు, వెలుతురు లేకుంటే పూలు రావు. కాని అద్దానికి ఆకు ఆనొద్దు, 50 ఫారెన్‌హీట్ కంటే కిందికి పోతే తట్టుకోదు, హీటర్ గాలి నేరుగ తగిలినా ఎండుతది. ఆకు మొదట్ల తెల్లగ దూది లెక్క కనిపిస్తే పిండినల్లి, రబ్బింగ్ ఆల్కహాల్‌ల దూది ముంచి తుడువు, వారానికొకసారి, పోయేదాక. మన పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే 2018ల సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కిచ్చిండ్రు, అంత పెద్ద చెట్టునే కాపాడుకున్నరు, నీ కుండీ ఎంత.

—

అక్కా, అన్నా, తీసి చూసిన, సగం వేర్లు నల్లగున్నయ్, కోసి కొత్త మన్నుల పెట్టిన. తీగ కొసకు ఆకుల్లేకుంట బారెడు పొడుగు పెరిగింది, అది గూడ కోసెయ్యాల్నా?

—

వద్దు చెల్లె! అది పట్టుకునేటందుకు ఆధారం వెతుకుతున్నది, ఒక పుల్ల గుచ్చి చుట్టు, ఆకులు తర్వాత వస్తయ్. ఇంకోటి, పూలు రాలినంక మిగిలే పొట్టి కాడను గూడ తెంపకు, మళ్లేడు ఆ కాడకే పూస్తది. నాది మొన్న జూన్‌ల పూసింది, చుక్కల చుక్క పెట్టినట్టు గులాబి రంగు పూలు, రాత్రి హాలంత వాసన.